స్పిండిల్ వేగాన్ని ప్రోగ్రాంకు అప్పగించడం: పీడబ్ల్యూఎం నుంచి 0–10 వోల్టుల వరకు ఏ దారి ఎవరికి సరిపోతుంది?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న వర్క్‌షాపుల్లో తలుపుల మీద చెక్కడానికి, ఎండీఎఫ్ జాలీలు కోయడానికి, అక్రిలిక్ అక్షరాలకు, అల్యూమినియం ప్లేట్లకు ఒకే సీఎన్‌సీ రౌటర్‌ను, అంటే కంప్యూటర్ ప్రోగ్రాం నడిపే కోత యంత్రాన్ని, వాడుకోవడం మామూలే. ఇలాంటి యంత్రాల్లో మూడు అక్షాలూ జీ-కోడ్ (యంత్రానికి ఇచ్చే ప్రోగ్రాం ఆజ్ఞలు) చెప్పినట్టే కదులుతాయి. స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) వేగం మాత్రం చాలాచోట్ల డ్రైవ్ (ఆ మోటారుకు విద్యుత్తు ఇచ్చే పెట్టె) మీది నాబ్‌ను తిప్పే ఆపరేటర్ జ్ఞాపకం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ వేగాన్ని కూడా ప్రోగ్రాం చేతికి ఇవ్వాలనుకున్నవారి ముందు నాలుగైదు దారులు ఉన్నాయి: నాబ్‌నే ఉంచుకోవడం, రెసిస్టర్-కెపాసిటర్‌తో సొంతంగా ఫిల్టర్ కట్టుకోవడం, దొరికే చిన్న మాడ్యూల్ కొనడం, ఆప్టోకప్లర్‌తో (సంకేతాన్ని వెలుగుగా దాటించే చిప్) విడదీసిన కన్వర్టర్ పెట్టడం, అనలాగ్‌ను, అంటే వోల్టేజీతో వేగం చెప్పడాన్ని, పూర్తిగా వదిలి ఆర్‌ఎస్‌-485 తీగల మీద మోడ్‌బస్ అనే అంకెల సందేశాల భాషతో మాట్లాడించడం. వీటిలో ఒకదాన్ని ధర చూసి ఎంచుకోవడం సరికాదని నా అభిప్రాయం. పని మధ్యలో వేగం నిజంగా మారాలా అన్నది మొదట తేల్చుకోవాలి; ఆ తర్వాత కంట్రోలర్ (ప్రోగ్రాంను చదివి యంత్రాన్ని నడిపే బోర్డు) గ్రౌండ్‌కూ డ్రైవ్ గ్రౌండ్‌కూ మధ్య సంబంధం ఎలా ఉండాలో తేల్చుకోవాలి. ఈ రెండూ తేలితే మిగిలినవన్నీ స్క్రూడ్రైవర్‌తోనో పారామీటర్‌తోనో సర్దుకునే విషయాలే.

నాబ్ ఎవరికి చాలు?

రోజంతా ఒకే 6 మిల్లీమీటర్ల బిట్‌తో ఎండీఎఫ్ మాత్రమే కోసే యంత్రానికి అనలాగ్ సంకేతం అవసరం లేదు. డ్రైవ్‌లో ఒక వేగం పెట్టి, మొదలుపెట్టడం, ఆపడం మాత్రం రిలే ద్వారా ప్రోగ్రాంకు ఇస్తే సరిపోతుంది. అదనంగా వేసే ప్రతి తీగా శబ్దాన్ని మోసుకొచ్చే మరో దారి అవుతుంది కాబట్టి, అవసరం లేని చోట వేయకపోవడమే మంచిది.

అదే యంత్రం మీద 3 మిల్లీమీటర్ల బిట్‌తో నగిషీ చెక్కి, వెంటనే అల్మారా తలుపుకు 35 మిల్లీమీటర్ల కప్పు హింజ్ గుంత తీయాల్సి వస్తే లెక్క మారిపోతుంది. 18000 ఆర్‌పీఎం దగ్గర 3 మిల్లీమీటర్ల బిట్ అంచు నిమిషానికి సుమారు 170 మీటర్ల వేగంతో తిరుగుతుంది. అదే ఆర్‌పీఎం దగ్గర 35 మిల్లీమీటర్ల బిట్ అంచు వేగం సుమారు 1980 మీటర్లు. చెక్క మాడిపోవడం, బిట్ తయారీదారు పెట్టిన పరిమితి దాటిపోవడం ఇక్కడే జరుగుతాయి. బిట్ మార్చిన ప్రతిసారీ నాబ్ తిప్పడం గుర్తుంచుకోమని ఆపరేటర్‌కు చెప్పడం కంటే, టూల్ మారినప్పుడు ఎస్ విలువ (స్పిండిల్ వేగం చెప్పే అంకె) కూడా ప్రోగ్రాంలోనే మారేలా చేయడం మనిషికీ క్షేమం, యంత్రానికీ క్షేమం.

సంకేతం మొదలయ్యేది ఎక్కడ, చేరాల్సింది ఎక్కడ?

సాధారణంగా దొరికే 24000 ఆర్‌పీఎం స్పిండిల్ రెండు పోల్‌ల ఇండక్షన్ మోటారు. 120ను ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్‌ల సంఖ్యతో భాగిస్తే వేగం వస్తుంది కాబట్టి, 400 హెర్ట్జ్ అంటే 24000 ఆర్‌పీఎం. ఈ ఫ్రీక్వెన్సీని తయారుచేసే వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్, తన అనలాగ్ టెర్మినల్ దగ్గర 0 నుంచి 10 వోల్టుల వరకు స్థిరమైన డీసీని ఆశిస్తుంది. 10 వోల్టులకు 400 హెర్ట్జ్ అని అమరిస్తే, 5 వోల్టులకు 200 హెర్ట్జ్, అంటే 12000 ఆర్‌పీఎం రావాలి.

కంట్రోలర్ వైపు ఉన్నది మాత్రం డీసీ కాదు. ఆర్డునో ఊనో అనే చిన్న బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ 1.1 సాఫ్ట్‌వేర్ 11వ డిజిటల్ పిన్ మీద 5 వోల్టుల పీడబ్ల్యూఎం, అంటే వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే పల్స్‌లు, ఇస్తుంది. దాని ఫ్రీక్వెన్సీ మామూలుగా సుమారు 980 హెర్ట్జ్. ప్రీస్కేలర్ (టైమర్ వేగాన్ని భాగించే సెట్టింగు) మార్చి మళ్లీ కంపైల్ చేసుకుంటే 7.8 కిలోహెర్ట్జ్‌కు, ఇంకా పైకి కూడా తీసుకోవచ్చు. ఆ టైమర్ 8 బిట్లది కావడం వల్ల పూర్తి వేగం 255 మెట్లుగా విడిపోతుంది, అంటే ఒక్కో మెట్టుకు సుమారు 94 ఆర్‌పీఎం. చెక్కకూ అల్యూమినియానికీ ఈ తేడా ఏమాత్రం పట్టించుకోవాల్సింది కాదు. 16 బిట్ల డీఏసీ (అంకెను వోల్టేజీగా మార్చే) చిప్ పెడితే బాగుంటుందని చెప్పే సలహాలు స్పిండిల్ విషయంలో డబ్బు దండగ అనే నేను భావిస్తాను.

సొంతంగా కట్టుకునే ఫిల్టర్

పీడబ్ల్యూఎంను ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ ద్వారా పంపితే దాని సగటు విలువ డీసీగా మిగులుతుంది. ఆ డీసీ మీద చిన్న అలజడి, అంటే రిపుల్, ఉండిపోతుంది. 10 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ పెట్టి 1 కిలోహెర్ట్జ్ పంపితే, సగం డ్యూటీ (సగం సమయం ఆన్, సగం సమయం ఆఫ్) దగ్గర రిపుల్ సుమారు 125 మిల్లీవోల్టులు. దాన్ని పది వోల్టులకు పెంచేసరికి 250 మిల్లీవోల్టులవుతుంది, అది 600 ఆర్‌పీఎంతో సమానం. కెపాసిటర్‌ను 10 మైక్రోఫారడ్లు చేస్తే రిపుల్ పదో వంతుకు, అంటే 60 ఆర్‌పీఎంకు పడిపోతుంది. బదులుగా వోల్టేజీ తుది విలువకు ఒక శాతం దగ్గరికి చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. ఫిల్టర్ మందకొడిగా ఉంటే తప్పేమో అని చాలామంది జంకుతారు కానీ, డ్రైవ్‌లోని యాక్సిలరేషన్ సమయమే కొన్ని సెకన్లు ఉంటుంది; ఆ ముందు అర సెకను లెక్కలోకి రాదు. లేజర్‌కు ఇదే సర్క్యూట్ పనికిరాదు, స్పిండిల్‌కు మాత్రం నిదానమైన ఫిల్టరే మేలు.

ఫిల్టర్ తర్వాత ఆప్-ఆంప్ (వోల్టేజీని పెంచి బలంగా అందించే చిప్) ఉండి తీరాలి, దానికి రెండు కారణాలు. మొదటిది, 5 వోల్టుల పీడబ్ల్యూఎం నుంచి సగటు ఎప్పటికీ 5 వోల్టులు దాటదు. రెండోది, డ్రైవ్ అనలాగ్ టెర్మినల్ తానే కొంత కరెంటు లాగుతుంది. దాని ఇన్‌పుట్ నిరోధం 20 కిలో ఓమ్‌లు అనుకుంటే, 10 కిలో ఓమ్‌ల ఫిల్టర్‌ను నేరుగా కలిపినప్పుడు రావాల్సిన 5 వోల్టులు 3.3కు పడిపోతాయి. వోల్టేజీని రెట్టింపు చేసేలా ఎల్‌ఎం358 అనే ఆప్-ఆంప్ ఒకటి పెడితే రెండు సమస్యలూ తీరతాయి. అయితే ఆ చిప్ అవుట్‌పుట్ తన సప్లై కంటే సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. డ్రైవ్ మీద పొటెన్షియోమీటర్ కోసం ఇచ్చిన 10 వోల్టుల టెర్మినల్‌తోనే దాన్ని నడిపితే, ఎంత ప్రయత్నించినా 8.5 వోల్టుల దగ్గర, అంటే సుమారు 20400 ఆర్‌పీఎం దగ్గర నిలిచిపోతుంది. 12 వోల్టులతో అంచుకు అంచు సరిపోతుంది. 15 లేదా 24 వోల్టులు ఇస్తే నిశ్చింత.

కోఠీలో విడిభాగాలు తెచ్చుకుని వెరోబోర్డు మీద టంకం వేయడం వచ్చినవారికి ఇది మంచి దారి. కెపాసిటర్ ఎలక్ట్రోలిటిక్ అయితే 105 డిగ్రీల రకమే అడగండి. రేకుల షెడ్డులో, మే నెలలో, మూసిన ప్యానెల్ పెట్టె లోపలి వేడికి 85 డిగ్రీల రకం తొందరగా ఎండిపోతుంది.

మాడ్యూల్ కొంటే ఏమొస్తుంది?

పీడబ్ల్యూఎం నుంచి వోల్టేజీకి అని అమ్మే చిన్న బోర్డు లోపల ఉండేది దాదాపు పైన చెప్పిన సర్క్యూటే: ఒక ఎల్‌ఎం358, ఒక ఫిల్టర్, ఒక ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే రెసిస్టర్). కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, టంకం పని ఉండదు. కొనేముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ పరిధి: ఎక్కువగా కనిపించే రకానికి 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ అని రాసి ఉంటుంది కాబట్టి, జీఆర్‌బీఎల్ 980 హెర్ట్జ్‌తో బాగానే పనిచేస్తుంది, 7.8 కిలోహెర్ట్జ్‌కు మార్చుకున్నవారు మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి. రెండోది ఇన్‌పుట్ వోల్టేజీ: చాలా బోర్డులు కనీసం 4.5 వోల్టుల పల్స్ ఆశిస్తాయి. ఈఎస్‌పీ32 మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ వంటి కంట్రోలర్ల పిన్ 3.3 వోల్టులే ఇస్తుంది. మధ్యలో పల్స్ వోల్టేజీని పెంచే లెవెల్ షిఫ్టర్ లేకపోతే మాడ్యూల్ ఆ పల్స్‌ను పట్టుకోకపోవచ్చు.

మాక్3 అనే పీసీ సాఫ్ట్‌వేర్‌తో నడిచే పాత యంత్రాల్లో, ప్యారలల్ పోర్టు పిన్‌లను టెర్మినళ్లుగా విడదీసే బ్రేకౌట్ బోర్డు మీదే 0–10 వోల్టుల టెర్మినల్ తరచుగా ఉంటుంది. విడిగా మాడ్యూల్ కొనేముందు ఆ బోర్డును ఒకసారి పరిశీలించండి; దానికి 12 నుంచి 24 వోల్టుల సప్లై కలపకపోవడం వల్లే ఆ టెర్మినల్ నిద్రపోతూ ఉండవచ్చు.

ఈ మాడ్యూల్‌కు ఉన్న అసలు లోపం వేరు. దాని ఇన్‌పుట్ గ్రౌండ్, అవుట్‌పుట్ గ్రౌండ్ ఒకటే. అంటే ఆర్డునో, దాని వెంట యూఎస్‌బీ తీగ, ఆ తీగ చివర కంప్యూటర్, అన్నీ డ్రైవ్ అనలాగ్ గ్రౌండ్‌తో నేరుగా కలిసిపోతాయి. స్పిండిల్ తిరగడం మొదలైన కాసేపటికి యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోవడం, లిమిట్ స్విచ్ ముట్టకుండానే అలారం రావడం వంటి ఇబ్బందులకు తరచుగా మూలం ఈ కలయికే. డ్రైవ్ తన అవుట్‌పుట్‌ను సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంటుంది. ఆ చప్పుడు గ్రౌండ్ తీగ పట్టుకుని కంట్రోలర్ దాకా నడుస్తుంది. చిన్న బల్ల మీది యంత్రంలో ఇది బయటపడకపోవచ్చు. మూడు మీటర్ల స్పిండిల్ కేబుల్, డ్రాగ్ చైన్, లోహపు గ్యాంట్రీ ఉన్న పెద్ద రౌటర్‌లో బయటపడే అవకాశమే ఎక్కువ.

విడదీసిన కన్వర్టర్

వీఎఫ్‌డీతో నడిచే యంత్రంలో అనలాగ్ దారినే ఎంచుకున్నవారికి నా సిఫారసు ఇదే. పీడబ్ల్యూఎంను ముందు ఆప్టోకప్లర్ గుండా పంపి, అవతలి వైపు ఫిల్టర్, ఆప్-ఆంప్ ఉంచితే, కంట్రోలర్ నుంచి డ్రైవ్‌కు వెళ్లేది వెలుగు మాత్రమే, తీగ కాదు. ఇక్కడ చాలామంది తెలియకుండా ఒక పొరపాటు చేస్తారు: ప్యానెల్‌లో ఉన్న ఒకే 24 వోల్టుల సప్లై నుంచి ఆప్టో రెండు వైపులకూ కరెంటు ఇస్తారు. అప్పుడు రెండు గ్రౌండ్‌లూ ఆ సప్లై దగ్గర మళ్లీ కలిసిపోయి, ఆప్టో ఉన్నా లేనట్టే అవుతుంది. అవతలి వైపు సప్లై డ్రైవ్ టెర్మినళ్ల నుంచైనా రావాలి, విడి సప్లై లేదా ఐసొలేటెడ్ డీసీ-డీసీ కన్వర్టర్ నుంచైనా రావాలి.

ఆప్టోకప్లర్ రకం కూడా ముఖ్యమే. అందరికీ తెలిసిన పీసీ817 చవక, కానీ నిదానం. పది కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్‌తో దాని ఆన్, ఆఫ్ సమయాల మధ్య తేడా 20 మైక్రోసెకన్లు ఉందనుకుందాం. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అది డ్యూటీలో 2 శాతం, అంటే 480 ఆర్‌పీఎం, ప్రీసెట్‌తో చాలావరకు సర్దుకునే తేడా. 7.8 కిలోహెర్ట్జ్ దగ్గర అదే 20 మైక్రోసెకన్లు 15 శాతం దాటిపోతుంది. అప్పుడు ఏ ప్రీసెట్టూ కాపాడలేదు. అందువల్ల పీసీ817 ఉంటే ఫ్రీక్వెన్సీని 1 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంచాలి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ కావాలంటే 6ఎన్137 వంటి వేగవంతమైన ఆప్టో పెట్టాలి. ఆప్టో తర్వాత సంకేతం తలకిందులయ్యే అవకాశం కూడా ఉంటుంది; ఎస్ విలువ పెంచితే వోల్టేజీ తగ్గుతోందంటే కారణం అదే.

వీఎఫ్‌డీ కాకుండా థైరిస్టర్ డీసీ డ్రైవ్‌తో నడిచే యంత్రాల విషయంలో ఇది సిఫారసు కాదు, తప్పనిసరి. ట్రెడ్‌మిల్ మోటారుతో చిన్న లేత్‌ను సీఎన్‌సీగా మార్చుకునేవారు వాడే కొన్ని బోర్డుల్లో, కేబీఐసీ రకం బోర్డులతో సహా, వేగం సెట్ చేసే టెర్మినళ్లు నేరుగా మెయిన్స్ వోల్టేజీ మీద తేలుతుంటాయి. వాటికి సాధారణ మాడ్యూల్ కలిపితే 230 వోల్టులు కంట్రోలర్ మీదికీ, కంప్యూటర్ మీదికీ, వాటిని ముట్టుకున్న చేతి మీదికీ వస్తాయి. ఐసొలేషన్ ఉందని మల్టీమీటర్‌తో, డాక్యుమెంట్‌తో రూఢి చేసుకోనిదే ఇలాంటి బోర్డుకు ఒక్క తీగ కూడా కలపకండి. ఇక మాక్3 ఇన్‌పుట్ ఉందని అమ్మే చిన్న డీసీ స్పిండిల్ సప్లైలు పీడబ్ల్యూఎంనే నేరుగా తీసుకుంటాయి, వాటికి అనలాగ్ కన్వర్టరే అక్కర్లేదు. చేతి రౌటర్‌ను స్పిండిల్‌గా బిగించుకున్నవారికి ఈ దారులేవీ వర్తించవు. దాని వేగం లోపలి డయల్‌తోనే మారుతుంది.

మోడ్‌బస్: అనలాగ్‌ను దాటి

ఆర్‌ఎస్‌-485 దారిలో వోల్టేజీ అనే మాటే ఉండదు. 18000 ఆర్‌పీఎం కావాలంటే కంట్రోలర్ డ్రైవ్‌కు 300 హెర్ట్జ్ అనే అంకెనే పంపుతుంది; ప్రీసెట్ లేదు, రిపుల్ లేదు, వేసవిలో ఒకలా చలికాలంలో ఒకలా జరిగే విలువ లేదు. పైగా డ్రైవ్ తిరిగి మాట్లాడుతుంది: అసలు ఫ్రీక్వెన్సీ ఎంత, కరెంటు ఎంత, ఫాల్ట్ ఏదైనా వచ్చిందా అన్నవి కంట్రోలర్‌కు తెలుస్తాయి. స్పిండిల్ అనుకున్న వేగం అందుకునేదాకా బిట్‌ను చెక్కలోకి దించకుండా ఆగడం దీనితో నిజంగా సాధ్యం.

అయితే కంట్రోలర్‌కు డ్రైవ్ భాష రావాలి. లినక్స్‌సీఎన్‌సీ, జీఆర్‌బీఎల్‌హాల్, ఫ్లూయిడ్‌ఎన్‌సీ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని రకాల డ్రైవ్‌లకు సిద్ధంగా మద్దతు ఉంది. ఆర్డునో ఊనో మీది మామూలు జీఆర్‌బీఎల్‌లో లేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే హువాన్‌యాంగ్ డ్రైవ్‌లు ప్రామాణిక మోడ్‌బస్ ఫంక్షన్ కోడ్‌లను పాటించవు, వాటికి ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ ఉన్న కంట్రోలరే కావాలి. కాబట్టి డ్రైవ్ కొన్నాక కంట్రోలర్ వెతకడం కాదు, రెంటినీ కలిపి నిర్ణయించుకోవాలి. కొత్తగా యంత్రం కట్టుకుంటూ, పైన చెప్పిన కంట్రోలర్లలో ఒకటి వాడబోతున్నవారికి నేను మోడ్‌బస్‌నే చెబుతాను. నడుస్తున్న యంత్రాన్ని, ఉన్న ఊనోను మార్చకుండా మెరుగుపరచుకోవాలనుకునేవారికి విడదీసిన కన్వర్టర్. బల్ల మీది చిన్న యంత్రం, బడ్జెట్ తక్కువ, స్పిండిల్ కేబుల్ పొట్టి అయితే మాడ్యూల్‌తో మొదలుపెట్టడంలో తప్పులేదు. ఇబ్బంది కనిపించిన రోజు దాని ముందు ఆప్టో చేర్చుకోవచ్చు.

తీగలు, పారామీటర్లు, పరీక్ష

ఏ దారి ఎంచుకున్నా, వేగం సంకేతాన్ని ఆపే సంకేతంగా వాడకూడదు. 0 వోల్టులు వస్తే స్పిండిల్ ఆగుతుందిలే అనుకుంటే, తీగ మీది కొద్దిపాటి శబ్దమో, డ్రైవ్‌లో పెట్టిన కనీస ఫ్రీక్వెన్సీయో దాన్ని తిప్పుతూనే ఉంచుతుంది. మొదలు, ఆపు అన్నవి విడి రిలే ద్వారా డ్రైవ్ రన్ టెర్మినల్‌కు వెళ్లాలి, ఎమర్జెన్సీ స్టాప్ కాంటాక్ట్ ఆ దారిలోనే ఉండాలి. ఊనో మీది జీఆర్‌బీఎల్‌లో ఎనేబుల్ సంకేతం పీడబ్ల్యూఎం పిన్‌లోనే కలిసిపోయి ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలులో 13వ పిన్‌ను దిశ బదులు ఎనేబుల్‌గా మార్చుకునే ఎంపిక ఉంది. రౌటర్‌కు ఎం4 ఆజ్ఞతో స్పిండిల్‌ను వెనక్కి తిప్పే పని ఉండదు కాబట్టి దాన్ని వదులుకోవచ్చు.

హువాన్‌యాంగ్‌లో రన్ ఆజ్ఞను టెర్మినల్ నుంచి తీసుకోవడానికి పీడీ001ను, ఫ్రీక్వెన్సీని టెర్మినల్ నుంచి తీసుకోవడానికి పీడీ002ను 1 చేయాలి. పీడీ070లో 0–10 వోల్టుల రకం ఎంచుకుని, పీడీ072లో గరిష్ఠ వోల్టేజీకి 400 హెర్ట్జ్ పెట్టాలి. ఇది ఫ్యాక్టరీ నుంచి 50 హెర్ట్జ్‌తో వస్తుంది కాబట్టి, వోల్టేజీ సరిగ్గా 10 ఉన్నా స్పిండిల్ 3000 ఆర్‌పీఎం దాటకపోతే కన్వర్టర్‌ను అనుమానించే ముందు దీన్ని చూడండి. జీఆర్‌బీఎల్‌లో గరిష్ఠ వేగం సెట్టింగు $30ను 24000గా మార్చాలి. అది మొదట 1000 ఉంటుంది, మార్చకపోతే ఎస్1000 చెప్పగానే పూర్తి వేగం వచ్చేస్తుంది. $32 లేజర్ మోడ్ సున్నాగా ఉండాలి.

అనలాగ్ జతను షీల్డు ఉన్న మెలితిప్పిన కేబుల్‌లో తీసుకెళ్లి, షీల్డును ఒక్క చివరే గ్రౌండ్ చేయండి. ప్యానెల్ సామాను కోసం రాణీగంజ్ వెళ్లినప్పుడు స్పిండిల్‌కు కూడా షీల్డు కేబులే తెచ్చుకోండి. సంకేతం తీగలు దాన్ని దాటాల్సి వస్తే లంబంగా దాటించండి, పక్కపక్కన నడిపించవద్దు. డ్రైవ్ మూత తీసే ముందు మెయిన్స్ ఆపి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. 230 వోల్టుల డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల డీసీ నిల్వ ఉంటుంది.

కేలిబ్రేషన్‌ను స్పిండిల్ తీగలు కలపకుండా మొదలుపెట్టండి. ఎం3 ఎస్12000 (స్పిండిల్‌ను 12000 ఆర్‌పీఎంతో తిప్పమనే ఆజ్ఞ) పంపి, డ్రైవ్ అనలాగ్ టెర్మినల్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి, ప్రీసెట్‌తో 5.00 వోల్టులకు తెచ్చాక, ఎస్6000కు 2.5, ఎస్18000కు 7.5, ఎస్24000కు 10 వస్తున్నాయో లేదో చూడండి. మధ్యలో సరిపోయి పైన తగ్గిపోతే ఆప్-ఆంప్ సప్లై చాలడం లేదు. 5 వోల్టులకు కిందా పైనా ఒకే మోతాదులో, ఎదురు దిశల్లో తేడా ఉంటే ఆప్టో ఆలస్యం. కింది వైపు మాత్రమే వేగం దిగకపోతే అది తప్పు కాదు: పీడీ011లో కనీసం 120 హెర్ట్జ్ పెట్టి ఉంటే 7200 కంటే తక్కువ అడిగిన ప్రతిసారీ 7200 దగ్గరే ఆగుతుంది. ప్రోగ్రాంలో ఎం3 తర్వాత డ్రైవ్ యాక్సిలరేషన్ సమయానికి సరిపడా జీ4 విరామం రాయండి. జీఆర్‌బీఎల్‌లో పీ విలువ సెకన్లలో ఉంటుంది, మాక్3లో సెట్టింగును బట్టి మిల్లీసెకన్లు కావచ్చు. చివరిగా, బిట్ బిగించకుండా స్పిండిల్‌ను 12000 దగ్గర తిప్పుతూ అనలాగ్ తీగను ఒకసారి ఊడదీయండి. స్పిండిల్ కనీస వేగానికి పడిపోతుంది, అక్షాలు మాత్రం ఏమీ తెలియనట్టు కదులుతూనే ఉంటాయి. కనెక్టర్ వదులైతే మీ యంత్రం ఏం చేస్తుందో అలా కళ్లారా చూశాక, ఆ తీగ చివరకు ఫెర్రూల్ (లోహపు తొడుగు) వేసి టెర్మినల్ స్క్రూలను గట్టిగా బిగించండి.